పాతకారు పుట్టిన నెల

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పాతకారులపై మక్కువగల కుటుంబములు నేటికిని కలవు. ఒకరి యింట తాతగారు కొన్న అంబాసిడరు ఉండును. మరియొకరి యింట ధాన్యపుకొట్టు ప్రక్కన, గడ్డివామి చాటున, ఫియటు ఒకటి నిలిచియుండును. పెండ్లిండ్ల దినములు వచ్చినప్పుడు వానికి రంగు వేయించి, పూలు కట్టి, వధూవరులను కూర్చుండబెట్టి ఊరేగించుట యొక వేడుక. "ఈ కారు ఏనాటిదండీ?" అని అడిగినచో యజమాని లోనికిపోయి ఆర్‌.సి. పుస్తకము తెచ్చి, అందలి సంవత్సరమును వ్రేలితో చూపును. ఆ యంకెతో సంగతి తేలిపోయినదని ఆయన తలంపు.

అది తేలలేదని నేను మనవి చేయదలచితిని. జాతకము వ్రాయువాడు సంవత్సరము మాత్రము చెప్పిన తృప్తిపడడు. నెల, తిథి, ఘడియలు అడుగును. పాతకారు విషయమునను అట్లే అడుగవలసియున్నది. ఒకే కార్ఖానాలో, ఒకే సంవత్సరమున, ఒకే పేరుతో వెలువడిన రెండు కారుల కట్టడములు వేరువేరుగా ఉండవచ్చును. ఆ భేదము అలంకారమునకు సంబంధించినదైనచో దానిని గూర్చి ఇంత విచారణ అక్కరలేదు. కాని పెక్కుసారులు ఆ భేదము లోపల కూర్చుండు మనిషి ప్రాణమునకు సంబంధించినదై ఉండును.

ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను. లారీకి క్రింద ఇనుపచట్రము వేరు, పైకట్టడము వేరు. చట్రమే బరువు మోయును. అంబాసిడరునకుగాని, మన ఫియటునకుగాని అట్టి వేరుచట్రము లేదు. నేలరేకు, గుమ్మముక్రింది పట్టీలు, తలుపుల నడిమి స్తంభములు, పైకప్పు, అన్నియు కలిసి అతుకబడి ఒకే పెట్టెగా ఏర్పడినవి. ఆ పెట్టెయే చట్రము, ఆ పెట్టెయే శరీరము. కనుక ఈ కారులలో 'బాడీ'కి జరిగిన మార్పు చొక్కా మార్చుట వంటిది కాదు, ఎముక మార్చుట వంటిది.

మార్పులు సంవత్సరము నడుమ ఏల వచ్చును? కార్ఖానావారు ఉగాదినాడు క్రొత్త కారు మొదలుపెట్టరు. అమెరికాలో ఒక సంవత్సరపు నమూనా అని పేరుపెట్టినది అంతకు ముందటి సంవత్సరపు శరదృతువుననే అమ్మకమునకు వచ్చుచుండెడిది. చట్టము మాత్రము తన గడువును తాను నిర్ణయించుకొనును. అచ్చట 1966లో మోటారువాహనముల క్షేమమును గూర్చిన శాసనము పుట్టినది. దాని క్రింది తొలి నియమములు 1968 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. ముందుసీట్లలో అంచున కూర్చుండువారికి భుజముమీదుగా పోవు బెల్టు ఉండవలెననియు, కారు ప్రక్కలకు రాత్రివేళ కనబడు దీపములుగాని ప్రతిఫలకములుగాని ఉండవలెననియు ఆ నియమములు చెప్పినవి. ఇప్పుడు చూడుడు: 1968 నమూనా కారులు 1967 శరత్తునుండియే తయారగుచున్నవి. డిసెంబరు 31న వెలువడిన కారునకు ఆ నిర్బంధము లేదు, మరునాటి కారునకు కలదు. రెండింటి పేరు ఒకటే, నమూనా సంవత్సరము ఒకటే. కొందరు తయారీదారులు గడువునకు ముందే అమర్చిరి, కొందరు గడువువరకు ఆగిరి.

ఇట్లే ముందుసీట్లకు తలయానిక 1969 జనవరి 1 నుండి నిర్బంధమైనది. ప్రక్కనుండి తగులు దెబ్బకు తలుపు ఎంత ఓర్వవలెనో చెప్పు నియమము 1973 జనవరి 1 నుండి వచ్చినది. దానికొరకు తలుపులలోపల ఉక్కుదూలములు పెట్టిరి. ఆ దూలము పైకి కనబడదు. తలుపు లోపలి అట్టను ఊడదీసి చూచినగాని 1973 నమూనా కారు ఆ గడువునకు ఇటుదో అటుదో తెలియదు. పైరంగును చూచి మురియువానికి ఈ సంగతి అందదు.

నెల తెలిసిన చాలునా? చాలదు. కారు ఏ దేశమునకు పోవుటకు పుట్టినదో కూడ తెలియవలెను. దీనికి మోరిస్ మైనరు మంచి యుదాహరణము. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఆ చిన్నకారు 1948లో లండను ప్రదర్శనమున వెలువడినది. మొదట దాని పెద్దదీపములు ముందుజాలీలోనే క్రిందుగా ఉండెడివి. దీపములు అంత క్రిందుగా ఉండుట అమెరికా నియమములకు సరిపడలేదు. అందుచేత 1949లో అమెరికాకు పంపు కారులకు దీపములను ఎత్తుగా రెక్కలలోనికి మార్చిరి. తక్కిన దేశముల కారులకు ఆ మార్పు 1951 నమూనాతో గాని రాలేదు. అనగా కొంతకాలము ఒకే కార్ఖానానుండి రెండు ముఖములుగల కారు ఒకే పేరుతో వెలువడినది. ఈ మైనరే మనదేశమున హిందూస్థాన్ మోటార్సువారి చేత 'బేబీ హిందూస్థాన్' అను పేర తయారైనది. 1942లో స్థాపింపబడిన ఆ సంస్థ తన కార్ఖానాను 1948లో గుజరాతు తీరమందలి ఓఖా రేవునుండి వంగదేశమందలి ఉత్తరపారాకు మార్చుకొన్నది.

ఇక మన యిండ్లలోని కారుల సంగతి చూతము. బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్సువారు 1954లో ఫియట్ 1100ను ఇచ్చట ప్రవేశపెట్టిరి. ఆ తొలి కారు ముందుతలుపునకు బందులు వెనుకవైపున, నడిమి స్తంభమునకు ఉండెడివి. తలుపు ముందుకొస నుండి తెరచుకొనెడిది. చీర కట్టుకొన్న స్త్రీలకు దిగుటకు ఎక్కుటకు అది సుఖముగా ఉండెడిదని పెద్దలందురు. కాని దానిలో ఒక గండము కలదు. తాళము సరిగా పడక తలుపు కొంచెము వదులైనచో, వేగముగా పోవు కారునకు ఎదురుగాలి ఆ సందులో దూరి తలుపును ఒక్కసారిగా వెనుకకు విసరివేయును. తలుపు పిడి పట్టుకొన్నవాడు తలుపుతోబాటు బయటికి లాగబడును. బందులు ముందువైపున ఉన్నచో అదే గాలి తలుపును మూయుటకే తోడ్పడును. ఈ కారణముచేత లోకమందంతటను క్రమముగా వెనుకబందుల ముందుతలుపులు పోయినవి. మనదేశమున 1964లో వచ్చిన 'డిలైట్' నాటికి ఫియటు ముందుతలుపునకు బందులు ముందువైపునకే వచ్చినవి. ఆ కారే 1972లో ప్రీమియర్ ప్రెసిడెంటు అయి, 1974లో ప్రీమియర్ పద్మిని అయినది.

కనుక ఆ పది సంవత్సరముల నడిమి కారు మీయింట ఉన్నయెడల ఆర్‌.సి. పుస్తకమును ప్రక్కనబెట్టి, తలుపు తెరచి స్తంభమును చూడవలెను. బందులు ఎక్కడ ఉన్నవి? మరలరంధ్రములు పూడ్చిన గురుతులు రెండవ స్తంభమున కలవా? పాత పెండ్లి ఫొటో దొరికినచో అదియు సాక్ష్యమే. వెనుకబందుల తలుపునకు పిడి ముందుకొసన ఉండును, ముందుబందుల తలుపునకు పిడి వెనుకకొసన ఉండును. నలుపు తెలుపు ఫొటోలో కూడ ఆ పిడి స్పష్టముగా కనబడును.

అంబాసిడరు కథ ఇంతకంటె చిక్కైనది. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి 1957లో మొదలై, 2014 మే నెలలో ఉత్తరపారాలో పని ఆగువరకు ఆ కారు వెలువడుచునే యుండెను. మార్కు రెండు, 1975లో మార్కు మూడు, 1979లో మార్కు నాలుగు, 1990లో నోవా, పిమ్మట ఇసుజు యింజనుగల 1800, ఇట్లు పేర్లు మారినవి. ఈ పేర్లను మనవారు ముందుజాలీని చూచి పోల్చుకొందురు. కాని జాలీ నాలుగు మరలతో ఊడి వచ్చు వస్తువు. పాతజాలీ తుప్పుపట్టినపుడు బజారులో ఏది దొరికిన దానిని బిగించుటయు, క్రొత్తకారువలె కనబడవలెనని తరువాతి జాలీని తగిలించుటయు మామూలు. కావున జాలీ కారు వయస్సును చెప్పదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. క్షేమమునకు సంబంధించిన మార్పులు పేరు మారినపుడే వచ్చునని నియమము లేదు. ముందుసీట్లకు బెల్టులను తయారీదారుడే అమర్చవలెనను నియమము 1993 సవరణమువలన ఏర్పడి, ఒక సంవత్సరము గడువుతో 1994 మార్చిలో నిర్బంధమైనది. ముందు అద్దము రెండు గాజుపలకల నడుమ పొర పెట్టి అతికినదై ఉండవలెనను నియమమునకు అదే సవరణము మూడేండ్ల గడువిచ్చినది. అనగా అది 1996 నాటిది. ఈ రెండు గడువులును నోవా అను పేరు నడచుచున్న కాలములోనే పడినవి. 1993నాటి నోవాకు బెల్టు నిర్బంధము లేదు. 1995నాటి నోవాకు బెల్టు కలదు, అతికిన అద్దము నిర్బంధము కాదు. 1997నాటి నోవాకు రెండును ఉండవలెను. మూడింటిని వరుసగా నిలిపినచో వీధిలో పోవువాడు భేదము కనిపెట్టలేడు. మరియు 1994లో రిజిస్టరైన కారు ఆ మార్చికి ముందు తయారైనదియు కావచ్చును, తరువాతదియు కావచ్చును.

ఆ రెండు వస్తువుల విలువను గూర్చి రెండు మాటలు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎడువార్ బెనెడిక్టస్ చేతినుండి 1903లో ఒక గాజుపాత్ర జారిపడి పగిలియు ముక్కలు చెదరకుండెను. లోపల ఎండిన ద్రావకపు పొర వానిని పట్టియుంచినది. ఆ చూపునుండియే అతికిన అద్దము పుట్టినది. వేడిచేసి గట్టిపరచిన సామాన్యపు అద్దము రాయి తగిలినచో ఒక్క క్షణమున అంతయు చిట్లి తెల్లబడి దారి కనబడకుండ చేయును. అతికిన అద్దము తగిలినచోట మాత్రము చిట్లును, తక్కిన భాగమునుండి దారి కనబడును, తల తగిలినను మనిషి బయటికి పోడు. నడుమునకును భుజమునకును కలిపి మూడుచోట్ల పట్టు బెల్టును వోల్వో సంస్థలో నిల్స్ బోలిన్ రూపొందించి 1959లో కారులలో పెట్టెను. దాని బలమంతయు అది బిగింపబడిన చోటులోనే ఉన్నది.

అట్లయిన కారు పుట్టిన నెలను కనుగొనుట యెట్లు? సాక్షులను ఒక వరుసలో విచారింపవలెను.

మొదటి సాక్షి ఛాసిస్ సంఖ్య. కార్ఖానాలో అది వరుసగా పడును. అదే నమూనా కారులు గల మరి నలుగురిని కలిసికొని, సంఖ్యలను చిన్నదినుండి పెద్దదివరకు పట్టీగా వ్రాసి, ఏ సంఖ్యవద్ద బందులు మారినవో, ఏ సంఖ్యవద్ద బెల్టు వచ్చినదో గుర్తించినచో, మీకారు గీతకు ఇవతలిదో అవతలిదో తెలియును. తెనాలిలో ఒకటి, బాపట్లలో రెండు, రేపల్లెలో ఒకటి, ఇట్లు నాలుగైదు కారులు కుదిరినను పట్టీ ప్రారంభమగును. సంఖ్య పలకమీద మాత్రమే చూడరాదు, రేకుమీద కొట్టిన సంఖ్యతో సరిపోల్చవలెను. పలక ఊడి వచ్చును, రేకు రాదు.

రెండవ సాక్షి భాగములమీది గురుతులు. పోతపోసిన ఇనుపభాగములపైనను, అద్దముల మూలలందును, దీపముల గాజులమీదను తయారీదారుని గురుతులు ఉండును. కొన్నిటిలో తేదీయు ఉండును. ఇక్కడ తర్కము సులభము. భాగము పుట్టిన పిమ్మటనే కారు పుట్టును. కారుతోబాటు వచ్చినవని నిశ్చయముగా తెలిసిన భాగములలో అన్నిటికంటె కడపటి తేదీ యేదో, కారు దానికి ముందు పుట్టియుండదు. రిజిస్టరైన తేదీకి తరువాత పుట్టియుండదు. ఈ రెండు తేదీల నడిమి సందులోనే కారు పుట్టిన నెల కలదు. రిజిస్టరైన తేదీకి తరువాతి గురుతు ఏ భాగముపైననైన కనబడినచో ఆ భాగము మార్చినదని అర్థము. అద్దము రాయి తగిలి మారుట సహజము గనుక దాని సాక్ష్యమును మిక్కిలి నమ్మరాదు.

మూడవ సాక్షి రంగుపొరలు. డిక్కీలోపలి మూలలను, తలుపుల అట్టల వెనుకభాగమును ఎవరును శ్రద్ధగా రంగు వేయరు. అక్కడ తొలిరంగు నిలిచియుండును. తలుపుమీద తొలిరంగు లేక, ప్రక్క స్తంభముమీద ఉన్నచో తలుపు మరియొక కారునుండి వచ్చినది. ఒక చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి రేకుమీద మెల్లగా నడిపినచో, లప్పము దట్టముగా పెట్టినచోట అది పట్టు వదలును. కారునకు తగిలిన పాతదెబ్బలన్నియు ఆ విధముగా బయటపడును.

నాలుగవ సాక్షి కాగితము. దానిని కడపట ఉంచుటకు కారణము కలదు. మన ప్రాంతపు కారులపై ఏపీ 7 అని గుంటూరు జిల్లా గురుతు కనబడును. ఆ పద్ధతి 1988 మోటారువాహనముల చట్టము 1989లో అమలులోనికి వచ్చిన పిమ్మట ఏర్పడినది. 1970నాటి కారుపై ఏపీ 7 ఉన్నచో అది తరువాత వచ్చిన సంఖ్యయేగాని పుట్టుకనాటిది కాదు. 2019నుండి రాష్ట్రమంతటికిని ఏపీ 39 అను గురుతు వచ్చినది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల వేరు జిల్లా అయి రేపల్లె దానిలో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. కాగితములు ఇట్లు చేతులు మారును, ఊళ్లు మారును. ఇనుము మాత్రము తాను పుట్టిననాటి గురుతును మోయుచుండును.

అయితే మన సీమలో ఇనుమునకును ఒక శత్రువు కలదు. బాపట్లకు సమీపమున సూర్యలంక సముద్రము, రేపల్లెకు దిగువ లంకలు, ఉప్పుగాలి, వానకాలమున కాలువగట్ల తేమ. 1977 నవంబరు 19నాటి తుపాను ఈ తీరమును ఎట్లు ముంచినదో పెద్దలెవరును మరువలేదు. ఉప్పునీరు గుమ్మముక్రింది పట్టీలలోనికి చేరినచో లోపలినుండి తుప్పు తినును. షెడ్డులో టింకరింగు పనివారు కుళ్లిన రేకు కోసి క్రొత్తరేకు అతుకుదురు. అది తప్పుకాదు, వారి చేతిపనివలననే ఈ కారులు బ్రతికినవి. కాని అతుకుట రెండు విధములు. దళసరి రేకు దళసరి రేకుతో అతికినచో ఎముక నిలుచును. పలుచని రేకు పెట్టి లప్పముతో నునుపుచేసినచో కంటికి నిలుచును, దెబ్బకు నిలువదు. ఆనాటి పనివాడు జీవించియున్నచో అతనిని పిలిచి అడుగుడు. ఏ సంవత్సరమున ఏ మూల ఏమి చేసెనో అతనికి జ్ఞాపకముండును.

ఈ విచారణవలన ఒరుగునది రెండు విధములు. మొదటిది కారు గౌరవము. కేంద్రప్రభుత్వము 2021 జూలైలో ప్రకటించిన నియమముల ప్రకారము, తొలిసారి రిజిస్టరై ఏబదియేండ్లు దాటిన కారును పురాతన వాహనముగా వి.ఎ. అను అక్షరములతో పదేండ్లకు రిజిస్టరు చేయించుకొనవచ్చును. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు. అయితే ఛాసిస్, శరీరము, యింజను గొప్ప మార్పులు లేక మూలరూపమున ఉండవలెను. అట్లు రిజిస్టరైన కారును నిత్యపు రాకపోకలకుగాని వ్యాపారమునకుగాని నడుపరాదు. వెనుకబందుల తలుపును చూచి ఇది ఎవరో చేసిన మార్పని తలచి, 'సరిచేయించిన' యజమాని చేజేతుల మూలరూపమును పోగొట్టుకొన్నవాడగును. తరువాత వచ్చిన మార్పును పుట్టుకనాటిదని ప్రమాణము చేసినవాడు తెలియక అసత్యమాడినవాడగును.

రెండవది మనిషి ప్రాణము. పెండ్లికారులో వధూవరులు కూర్చుండిరి, బెల్టు కనబడుచున్నది. అది కార్ఖానాలో పెట్టినదా, తరువాత షెడ్డులో తగిలించినదా? కార్ఖానాదైనచో దానిని పట్టు చోట బలమైన రేకు, గట్టి మరలపట్టు ఉండవలెను. తరువాతిదైనచో ఉత్త రేకునకు రంధ్రము చేసి బిగించినదేమో, ఆ రేకు ఉప్పుగాలి తిన్నదేమో చూడవలెను. దెబ్బ తగిలిననాడు అట్టి బెల్టు రేకుతోసహా ఊడివచ్చును. ఉన్నదను నమ్మకము లేనిదానికంటె హానికరము. కారు తన కాలమున ఏ రక్షణతో పుట్టెనో తెలిసినవాడు దానిని అంతటి వేగముననే నడుపును, పిల్లలను ఎక్కడ కూర్చుండబెట్టవలెనో యోచించును, వానలో చీకటిలో పెద్దరోడ్డు ఎక్కించడు.

కావున ఆర్‌.సి. పుస్తకములో ఒక తెల్లకాగితము మడిచి పెట్టుడు. దానిమీద ఛాసిస్ సంఖ్య, బందులు ఉన్న చోటు, అద్దపు మూలనున్న గురుతు, బెల్టు పట్టు ఉన్నదో లేదో, రేకు అతికిన చోట్లు, అతికినవాని పేరు, చూచిన తేదీ వ్రాయుడు. తెలియనిచోట తెలియదని వ్రాయుడు. రేపు మీ మనుమడు ఆ కారు తాళపుచెవి చేతబట్టిననాడు, దాని సంవత్సరము మాత్రమే గాక దాని నెలయు, దాని బలమును, దాని బలహీనతయు అతనికి తెలియును.